బడిలో మన బిడ్డకు చోటు

(యుగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. వైద్యుడనుగాని ఉపాధ్యాయుడనుగాని అంతకంటె కాను. మెట్రిక్ వరకు చదివి రైల్వేలో గుమాస్తాగా పనిచేయుచున్నవాడను. నష్టపరిహారపు దరఖాస్తులు చూచు విభాగములో కూర్చుండి, పోయిన మూటలు, పగిలిన పెట్టెలు, తడిసిన బస్తాలు, వీటిని గూర్చిన కాగితములు దినమంతయు చదువుట నా పని. ఇట్టివానిని పిల్లల ప్రత్యేక విద్యపై మాట్లాడుమని కార్యదర్శిగారు కోరుటకు కారణమొక్కటే. మా పెద్దవాని చదువు విషయమై రెండేండ్లపాటు బడిచుట్టు, ఆసుపత్రిచుట్టు, కచేరీలచుట్టు తిరిగి కొంత తెలిసికొన్నాను. తెలిసినది నలుగురికి చెప్పుట మంచిదని ఒప్పుకొన్నాను.

ఈ సాయంకాలము మన పిల్లలు పద్యములు చదివినారు, పాటలు పాడినారు. అందరమును సంతోషించినాము. అయితే వేదిక ఎక్కని పిల్లలు గూడ మన కుటుంబములలో ఉన్నారు. అక్షరములు పట్టుబడనివారు, మాట సరిగా రానివారు, వినపడనివారు, ఒకచోట నిలకడగా కూర్చుండలేనివారు. పండుగపూట వారిని పొరుగింట వదలి వచ్చిన తల్లులు మన సంఘములో లేకపోలేదు. నా మాటలు ముఖ్యముగా వారికొరకు.

నేను చెప్పదలచినది ముందే క్లుప్తముగా చెప్పెదను. అట్టి బిడ్డకు బడిలో చోటు, చదువుకొనుటకు కావలసిన సాయము ఎవరో దయతలచి ఇచ్చునవి కావు, బిడ్డకు హక్కుగా రావలసినవి. ఆ హక్కును నోటితో గాక కాగితముపై అడుగవలెను. ఆ కాగితములో మొట్టమొదట వ్రాయవలసినది, మన బిడ్డ ఏ భాషలో ఆలోచించునో ఆ భాష పేరు.

చెన్నైలో పెరుగు తెలుగు బిడ్డ స్థితి ఒక్కసారి ఆలోచింపుడు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలో ఇంగ్లీషు. కొన్ని బడులలో వీటిపైన హిందీ. పెద్దవారము బదిలీపై వచ్చి పదేండ్లయినను తమిళములో బస్సు పేరు కూడబలుకుకొని చదువుచుందుము. ఐదేండ్ల బిడ్డ మాత్రము జూన్ నెలలో బడిలో చేరి దసరా నాటికి మూడు లిపులు వ్రాయవలెనని ఆశింతుము. తమిళనాడు ప్రభుత్వము 2006లో చేసిన తమిళ అభ్యసన చట్టము ప్రకారము ఒకటవ తరగతి మొదలుకొని క్రమముగా తమిళము మొదటి భాగముగా తప్పనిసరి అయినది. మాతృభాష వేరైనవారు దానిని నాల్గవ భాగముగా ఇష్టమున్నచో చదువుకొనవచ్చును. ఈ విషయమై భాషా అల్పసంఖ్యాకుల పాఠశాలలవారు న్యాయస్థానములకు వెళ్లినారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పదవ తరగతివారికి మరియొక సంవత్సరము మినహాయింపు పొడిగించినది. ఆ వాదములోనికి నేను పోను. మన నగరములో తమిళము నేర్చుకొనుట మనకు మేలే. నేను చెప్పునది ఇన్ని భాషలనడుమ ఒక బిడ్డ వెనుకబడినప్పుడు ఏమి జరుగునన్నది మాత్రమే.

అప్పుడు రెండు విధములైన అన్యాయములు జరుగుచున్నవి. భాష రాని బిడ్డను బుద్ధి లేని బిడ్డ అనుట మొదటిది. నిజముగా ఇబ్బంది ఉన్న బిడ్డను "తెలుగువాడు గదా, మెల్లగా వచ్చునులే" అని ఐదవ తరగతి వరకు వదలివేయుట రెండవది. మొదటిది బడివారు చేయునది, రెండవది తరచుగా మనమే చేయునది. రెండును సమానమైన నష్టమే.

ఈ రెంటిని వేరుచేయు గీటురాయి మాతృభాష. తెలుగులో కథ చెప్పగలిగి, అంగడిలో చిల్లర లెక్క చూడగలిగి, తమిళములోను ఇంగ్లీషులోను మాత్రమే తడబడు బిడ్డకు కావలసినది ఓపికతో భాష నేర్పు మనిషి. తెలుగులోగూడ మాట ఆలస్యమైనను, పిలిచిన పలుకకపోయినను, చెప్పిన చిన్నపని అర్థము కాకపోయినను, రెండేండ్లు దిద్దినను ప-కు వ-కు భేదము తెలియకపోయినను, ఆ బిడ్డను పరీక్ష చేయింపవలెను. వీనిలో ఏదియు బిడ్డ సోమరితనము కాదు, తల్లి పెంపకములో లోపము అసలే కాదు.

మా వాని సంగతి చెప్పెదను. వాడు మాటకారి. బిట్రగుంట లోకోషెడ్డును గూర్చి తాత చెప్పిన కథలన్నియు అక్షరము పొల్లుపోక తిరిగి చెప్పును. నోటిలెక్కలు చేయును. పుస్తకము తెరువుమన్నచో మాత్రము కడుపునొప్పి అని పడుకొనును. రెండవ తరగతి చివర బడివారు మా ఆవిడను పిలిచి, వాడు ఆ బడికి తగడనియు, బుద్ధిమాంద్యము గలవారి బడిలో చేర్చుకొనుడనియు, టి.సి. తీసికొని వెళ్లుడనియు చెప్పినారు. ఆ బడి పేరు చెప్పను, అవసరము లేదు. ఏ ఆధారముతో అట్లు చెప్పుచున్నారని అడిగినచో, బడిలో పరీక్ష చేయించినామని ఒక కాగితము చూపినారు.

మా ఆవిడ చదివినది ఏడవ తరగతే. ఆమె ఒకే ప్రశ్న అడిగినది. "పిల్లవాణ్ణి ఏ భాషలో అడిగారండీ?" అన్నది.

తమిళములోను, ఇంగ్లీషులోను అడిగినారట. వానికి ప్రశ్నయే బోధపడలేదు, ఇక జవాబు ఎక్కడిది? తరువాత మేము చేసిన కార్యమంతటికి ఆమె అడిగిన ఆ ప్రశ్నయే మూలము. మరునాడు నేనొక ఉత్తరము వ్రాసి ఇచ్చినాను. బిడ్డను పంపివేయుటకు కారణము వ్రాతపూర్వకముగా తెలుపవలెనని, బిడ్డ మాతృభాష తెలుగని, తెలుగు తెలిసినవారిచేత తిరిగి పరీక్ష చేయించు వరకు ఏ నిర్ణయము చేయరాదని మూడు ముక్కలు. నోటితో టి.సి. తీసికొనుడన్నవారు కాగితముపై ఆ మాట వ్రాయలేదు.

తెలుగు తెలిసిన మనస్తత్వ నిపుణురాలు రెండు ఉదయములు వానితో కూర్చుండి పరీక్షించినారు. వయస్సుకు తగిన తెలివి ఉన్నదనియు, చదువుట వ్రాయుటలో మాత్రము తెలుగులోను ఇంగ్లీషులోను ఒకే విధమైన ఇబ్బంది ఉన్నదనియు తేల్చినారు. దానికే డిస్లెక్సియా అని పేరు. బడివారితో మూడుసార్లు కూర్చుండి మాట్లాడిన పిమ్మట కొన్ని ఏర్పాట్లు జరిగినవి. నల్లబల్లకు దగ్గర కూర్చుండుట, ప్రశ్నను ఒకరు చదివి వినిపించుట, నెలవారీ పరీక్షలలో కొన్ని జవాబులు నోటితో చెప్పనిచ్చుట, వారమునకు రెండు దినములు ప్రత్యేక ఉపాధ్యాయురాలి వద్ద ఒక గంట. ఇప్పుడు వాడు అదే బడిలో నాల్గవ తరగతి. గబగబ చదువుచున్నాడని చెప్పను. తోటివారు ఒక పుట చదువునంతలో వాడు నాలుగు పంక్తులు చదువును. కాని పుస్తకము చూచి పడుకొనుట మానినాడు. నేటికి అది చాలును.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1995లో చేసిన వికలాంగుల చట్టములో ఏడు రకముల వైకల్యములే ఉండెను. అందులో ఆటిజము లేదు, చదువుటలోని ఇబ్బంది లేదు. 2016లో చేసి 2017 ఏప్రిల్ 19 నుండి అమలుపరచిన దివ్యాంగుల హక్కుల చట్టములో 21 రకములు చేరినవి. అందు ఆటిజము, మేధోవైకల్యము, అభ్యసన వైకల్యము, వినికిడి లోపము, చూపు లోపము, సెరిబ్రల్ పాల్సీ అన్నియు ఉన్నవి.

ఆ చట్టము 16వ సెక్షను ప్రకారము ప్రభుత్వ నిధులుగాని గుర్తింపుగాని పొందిన బడులు భేదము చూపక బిడ్డను చేర్చుకొనవలెను. బిడ్డకు తగిన సాయము ఏర్పరుపవలెను. అభ్యసన వైకల్యమును వీలైనంత చిన్నతనముననే గుర్తింపవలెను. నిజము చెప్పవలెనన్నచో ఈ సెక్షను మొదట, ప్రభుత్వము ఇందుకు "ప్రయత్నింపవలెను" అను మెత్తని మాట ఉన్నది. చట్టము మాట మెత్తనైనప్పుడు అడుగువాని మాట గట్టిగా ఉండవలెను. 17వ సెక్షనులో పరీక్షకు అదనపు కాలము, వ్రాసిపెట్టు మనిషి, రెండవ మూడవ భాషల నుండి మినహాయింపు మొదలగునవి పేర్కొన్నారు. 31వ సెక్షను ఇంకను స్పష్టము. 40 శాతము లేక అంతకు మించిన వైకల్యముగల బిడ్డకు 6 ఏండ్లు మొదలు 18 ఏండ్ల వరకు, తనకు ఇష్టమైన దగ్గరి బడిలోగాని, ప్రత్యేక బడిలోగాని ఉచితముగా చదువుకొను హక్కు ఉన్నది. ఇష్టము బిడ్డది. బడివారిది కాదు.

40 శాతము లేనివారి గతి ఏమని అడుగవచ్చును. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ అను అభ్యర్థి వ్యాజ్యములో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వ్రాయునప్పుడు చేయి వంకరపోవు జబ్బు ఆయనది. 40 శాతము లేదన్న కారణముచేత వ్రాసిపెట్టు మనిషిని నిరాకరింపరాదని, తగిన సర్దుబాటు చేయుట విధియని కోర్టువారు చెప్పినారు. అదే సంవత్సరము అక్టోబరులో మరియొక వ్యాజ్యమున ప్రత్యేక ఉపాధ్యాయుల సంఖ్యనుగూడ నిర్దేశించినారు. ఐదవ తరగతి వరకు ఇట్టి పిల్లలు 10 మందికి ఒకరు, ఆపై తరగతులలో 15 మందికి ఒకరు. మీ బిడ్డ బడిలో అట్టివారు ఎందరున్నారో అడిగి చూడుడు. అడిగిన తరువాతనే లెక్క బయటపడును.

ధ్రువపత్రము మాట. అభ్యసన వైకల్యమునకు 2018 జనవరిలో ప్రకటించిన మార్గదర్శకముల ప్రకారము మూడవ తరగతిలోగాని, ఎనిమిదవ యేటగాని, ఏది ముందైన అప్పుడు ఉపాధ్యాయులే బిడ్డలను తొలిపరిశీలన చేయవలసియుండెను. ఎనిమిదేండ్లు నిండినవారికే ధ్రువపత్రము ఇచ్చెడివారు. 14వ యేట, 18వ యేట తిరిగి పరీక్ష ఉండెను. 18వ యేట ఇచ్చినది జీవితాంతము చెల్లునని అందు ఉండెను. మేధోవైకల్యము, ఆటిజము, వినికిడి విషయములలో ఎనిమిదేండ్లు ఆగనక్కరలేదు, ఆగనూకూడదు. వినపడని బిడ్డకు మొదటి మూడేండ్లు పోయినచో మాటలో సగము పోయినట్లే. ఎగ్మోరు పిల్లల ఆసుపత్రివంటి ప్రభుత్వ వైద్యాలయములలో మొదట చూపించవచ్చును. ఎక్కడకు వెళ్లినను చీటీపై "మాతృభాష తెలుగు" అని వ్రాయించి, తెలుగు తెలిసిన వైద్యులనుగాని, తర్జుమా చేయువారినిగాని అడుగుడు. తర్జుమాకు మన బంధువును కూర్చుండబెట్టకుడు. ప్రేమతో జవాబుగూడ ఆయనే అందించును.

సికింద్రాబాదులో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఒకటి మేధోవైకల్యము గల పిల్లలకొరకై ఉన్నది. వేసవి సెలవులలో ఊరికి వెళ్లువారు అక్కడ తెలుగులోనే చూపించుకొని రావచ్చును. మన నగరముననే జయచంద్రన్, విమల అను ఇరువురు రూపొందించిన "మద్రాసు డెవలప్‌మెంటల్ ప్రోగ్రామింగ్ సిస్టమ్" అను కొలబద్ద ఉన్నది. 18 విభాగములు, ఒక్కొక్కదానిలో 20 చొప్పున 360 పనులు. అన్నము తినుట, బట్టలు తొడుగుకొనుట, డబ్బు లెక్కించుట ఇట్లు తేలికనుండి కష్టమునకు వరుస. ఆ పట్టికలో నాకు నచ్చినదేమనగా, బిడ్డ ఏమి చేయలేడో కాక ఏమి చేయగలడో వ్రాసి, తరువాతి మెట్టు ఏదో చూపును. మన ఇండ్లలోగూడ అట్టి లెక్కయే వ్రాసుకొనవలెను.

ఇక ఏ బడి మంచిది? ఒకే జవాబు లేదు. మా వానికి మామూలు బడియే తగినది. నా తోటి గుమాస్తా ఒకరి అమ్మాయికి మేధోవైకల్యము. ఆ దంపతులు పట్టుదలతో మామూలు బడిలోనే మూడేండ్లు ఉంచినారు. అమ్మాయి చివరి బల్లమీద రోజంతయు బొమ్మలు గీసికొనుచు కూర్చుండెడిది. చోటు ఉన్నది, చదువు లేదు. ప్రత్యేక బడిలో చేర్చిన ఏడాదికి ఆమె తన జడ తాను వేసికొనుట, పాలబూతుకు వెళ్లి చిల్లర సరిచూచి తెచ్చుట నేర్చినది. ఆ తండ్రి నా బల్ల దగ్గరకు వచ్చి, "ఇరవై రూపాయలకు లెక్క చెప్పిందిరా" అన్నప్పటి ముఖము నేను మరువలేను. కనుక బడి పేరునుబట్టి గాక, ఆ బడిలో బిడ్డ ప్రతినెల క్రొత్తగా నేర్చినదేమో చూచి ఎంచుకొనవలెను. ప్రత్యేక బడిలో చేర్చుట ఓటమి కాదు, మామూలు బడిలో ఉంచుట గొప్ప కాదు. బిడ్డ అక్కరను కొలువకయే బడివారు బయటికి పంపుట మాత్రము తప్పు.

చెన్నైలో మనకు ఆధారములు లేకపోలేదు. 1991లో ఏర్పడిన మద్రాసు డిస్లెక్సియా అసోసియేషన్‌వారు చదువు ఇబ్బందిగల పిల్లలకు బోధించుచు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చుచున్నారు. సెరిబ్రల్ పాల్సీ మొదలగు వైకల్యములు గలవారికి 1985లో ప్రారంభమైన విద్యాసాగర్ కొట్టూరుపురములో ఉన్నది. వినపడని పసిపిల్లలను మాటలాడించి మామూలు బడికి సిద్ధపరచు బాలవిద్యాలయ 1969 నాటిది. ఒకటికంటె ఎక్కువ వైకల్యములున్నవారికి 2005లో నెలకొల్పిన జాతీయ సంస్థ ముట్టుకాడులో ఉన్నది. మన తెలుగువారి చేతిపనియు ఈ నగరములో ఉన్నది. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు 1937లో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ అడయారులో పోలియో సోకిన పిల్లలకొరకు ఎముకల చికిత్సాకేంద్రము నెలకొల్పినది. వలస వచ్చినవారు తమకొరకేగాక ఊరికొరకు గూడ కట్టగలరని ఆమె చూపినారు. బడి ఏదియు కుదరని పెద్దపిల్లలకు 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఉన్నది. ఒక భాషతో పరీక్షకు కూర్చుండవచ్చును, తెలుగు మాధ్యమముగూడ ఉన్నది. ఐదేండ్లలో తొమ్మిది అవకాశములు.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన మాట. రైల్వే చట్టము ప్రకారము సరుకు పోయినచో, దానిని అప్పగించిన తేదీనుండి ఆరు నెలలలోపల వ్రాతపూర్వకముగా తెలుపవలెను. "ఆ రోజే స్టేషను మాస్టరుగారితో చెప్పినానండీ" అని పెద్దమనుషులు నా బల్ల ముందు వాపోవుదురు. వారి మాట నిజమేనని నాకు తెలియును. అయినను ఏమి చేయగలను? నోటిమాటకు తేదీ లేదు. ముద్ర లేదు. తెల్లవారినచో ఎవరికి జ్ఞాపకము లేదు. మామిడిపండ్ల బుట్టకు కాగితము వ్రాయు మనము బిడ్డ చదువు విషయములో నోటిమాటతో తిరిగివచ్చుట ఎట్లు?

కనుక ఉత్తరము వ్రాయుడు. పొడుగు వద్దు, ఒక పుట చాలును. బిడ్డ పేరు, తరగతి, మాతృభాష. బిడ్డ ఏమి చేయగలడు, ఎక్కడ ఆగిపోవుచున్నాడు. వైద్యుని కాగితము నకలు. మీరు కోరునది సంఖ్యలు వేసి వరుసగా. "దయచేసి నా బిడ్డను కనిపెట్టి చూడవలెను" అనకుడు, దానికి అర్థము లేదు. "వారమునకు రెండు గంటలు ప్రత్యేక ఉపాధ్యాయురాలు", "గంటకు ఇరవై నిమిషములు అదనపు కాలము" అని వ్రాయుడు. జవాబు ఏ తేదీలోపల కావలెనో వ్రాయుడు. నకలుపై అందినట్లు సంతకము, ముద్ర వేయించుకొనుడు. వారు వేయనిచో స్పీడు పోస్టులో పంపి రసీదు దాచుకొనుడు. ప్రతి సమావేశము తరువాత "నేడు మనము అనుకొన్నవి ఇవి" అని నాలుగు పంక్తులు తిరిగి వ్రాసి ఇయ్యుడు. మూడు నెలలకొకసారి అందరును కూర్చుండి, అనుకొన్నది జరిగినదా, బిడ్డకు పనికివచ్చినదా అని చూచుకొనుడు. పనికిరానిదానిని మార్చుడు.

ప్రధానోపాధ్యాయులు వినకపోయినచో ముఖ్య విద్యాధికారికి, అక్కడను కాకపోయినచో రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు వ్రాయవచ్చును. ఆ కమిషనరుకు సాక్షులను పిలిపించుట, పత్రములు తెప్పించుట వంటి విషయములలో సివిలు కోర్టు అధికారములు ఉన్నవి. విద్యాహక్కు చట్టము ప్రకారము ఎనిమిదవ తరగతి పూర్తి అగువరకు బిడ్డను బడినుండి తొలగింపరాదు. అయితే ఆ చట్టము అల్పసంఖ్యాక వర్గముల పాఠశాలలకు వర్తించదని సుప్రీంకోర్టు 2014లో చెప్పినది. మన తెలుగు పాఠశాలలలో కొన్ని అట్టివే. కావున మీ బడి ఏ వర్గమునకు చెందినదో ముందు కనుగొని, 2016 చట్టమును పేర్కొని వ్రాయుట మేలు.

ఉపాధ్యాయురాలితో కలహింపకుడని గూడ చెప్పుచున్నాను. నలుబదిమంది పిల్లలతో ఒక్కతె అగచాట్లు పడుచుండును. మా వాని తరగతి పంతులమ్మ మొదట మొగము చిట్లించినమాట నిజమే. తరువాత వానికొరకు పాఠమును పెద్ద అక్షరములతో తానే వ్రాసి తెచ్చినదియు ఆమెయే. మన ఉత్తరము ఆమెకుగూడ ఉపయోగమే. సాయము కావలెనని పైవారిని అడుగుటకు ఆమెకు ఒక కాగితము దొరికినది.

భాషల మినహాయింపును గూర్చి ఒక హెచ్చరిక. డిస్లెక్సియా ధ్రువపత్రము గల పిల్లలకు రాష్ట్రపు పబ్లిక్ పరీక్షలలో ఒక భాషాపత్రము నుండి మినహాయింపు, ఒక గంట అదనపు కాలము ఇచ్చు ఏర్పాటు ఉన్నది. కావలసినవారు వాడుకొనుడు. కాని పరీక్షలో ఒక భాష తగ్గించినామని ఇంటిలో తెలుగు తగ్గించకుడు. "ఇంగ్లీషే మాట్లాడండి, అప్పుడే వాడికి వస్తుంది" అని కొందరు సలహా ఇత్తురు. అమ్మకు సరిగా రాని భాషలో అమ్మ బిడ్డతో ఏమి మాట్లాడగలదు? "తిను, కూర్చో, రా" అని మూడు మాటలు. చదువలేని బిడ్డకు వినికిడియే చదువు. కథలు, సామెతలు, లెక్కలు, తాత కబుర్లు తెలుగులో వినవలెను.

మనలో ప్రభుత్వోద్యోగులు పలువురున్నారు గనుక మరి మూడు సంగతులు. పిల్లల చదువు భత్యము దివ్యాంగ బిడ్డకు రెట్టింపు. 2017 జూలై నుండి మామూలు బిడ్డకు నెలకు 2,250 రూపాయలు, దివ్యాంగ బిడ్డకు 4,500. కరవుభత్యము 50 శాతమైనందున 2024 జనవరి 1 నుండి అవి 2,812 రూపాయల 50 పైసలు, 5,625 అయినవి. ఇట్టి బిడ్డను ముఖ్యముగా చూచుకొను కేంద్ర ఉద్యోగికి, వీలైనంతవరకు, వంతు బదిలీలనుండి మినహాయింపు ఇయ్యవచ్చునని 2014 జూన్‌లో ఉత్తరువు వచ్చినది. కుదిరిన బడిని విడిపించు బదిలీ ఆర్డరు వచ్చినప్పుడు ఈ ఉత్తరువు పేర్కొని అర్జీ పెట్టుకొనుడు. రైలు చార్జీలో రాయితీ అంధులకు, తోడు లేక ప్రయాణింపలేని మేధోవైకల్యము గలవారికి, అట్టి శారీరక వైకల్యము గలవారికి తోటి మనిషితో సహా ఉన్నది. పూర్తిగా వినపడక మాటరానివారికిని రాయితీ ఉన్నది. 2020 మార్చిలో వృద్ధుల రాయితీ నిలిచినను ఇది నిలువలేదు. ఇవిగాక ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యము, బహుళ వైకల్యములు గలవారికి నిరామయ అను ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉన్నది.

ఇన్ని ఉండగా మనవారు ఎందుకు అడుగుటలేదు? నాకు తెలిసినంతలో కారణము డబ్బు కాదు, సిగ్గు. ధ్రువపత్రము తీసికొన్నచో బిడ్డకు ముద్ర పడునని భయము. అక్కకు సంబంధములు రావని భయము. ఊరిలో తెలియునని భయము. ముద్ర అను మాట నిజమే. కాని అడుగనిచోట బిడ్డపై ఏ ముద్రయు పడదా? "మొద్దు", "వెర్రివాడు" అను ముద్రలు బడిలోను వీధిలోను ఊరకే వేయుచున్నారు. వానికి కాగితము అక్కరలేదు. వానివలన బిడ్డకు ఒక్క గంట అదనపు కాలమైనను రాదు. వైద్యుడు వేయు ముద్రతో కనీసము సాయము వచ్చును. అడగనిదే అమ్మయినా పెట్టదన్నారు పెద్దలు. మన బిడ్డలలో కొందరు అడుగలేరు. వారి తరపున అడుగవలసినది మనము.

చివరకు మన సంఘమునకు మూడు మనవులు. చెన్నైలో తెలుగు మాట్లాడు పిల్లల వైద్యులు, మనస్తత్వ నిపుణులు, ప్రత్యేక ఉపాధ్యాయులు ఎవరెవరో ఒక జాబితా తయారుచేసి కార్యాలయములో ఉంచవలెను. బడికి ఒంటరిగా వెళ్లుటకు జంకు తల్లులకు తోడుగా వెళ్లుటకు ఇద్దరు ముగ్గురు సభ్యులు ముందుకు రావలెను. బల్ల అవతల నలుగురు, ఇవతల ఒక్క తల్లి ఉన్నప్పుడు నోరు పెగలదు. పక్కన మనిషి ఊరకే కూర్చున్నను ధైర్యము. మూడవది, నెలకొక ఆదివారము సాయంకాలము ఇట్టి బిడ్డల తల్లిదండ్రులు కలిసికొనుటకు పఠనాలయపు గది ఇప్పించవలెను. పిల్లలనుగూడ తీసికొని రావచ్చునని ప్రకటించవలెను.

ఉత్తరము వ్రాయుట రాదను వారెవరైన ఉన్నచో ఆ ఆదివారము వచ్చి బిడ్డ సంగతి నోటితో చెప్పుడు. కాగితము, కలము నేను తెచ్చెదను. నకలు మాత్రము మీ దగ్గర భద్రపరచుకొనుడు.

 క్రొత్త సంవత్సరము మన బిడ్డలందరకు మేలు చేయుగాక. సెలవు.